రెండు వందల దగ్గర ఆగిపోయిన ఢిల్లీ పింఛను

సంపాదకులు గారికి,

నమస్కారం. ఒకటో తారీఖు వచ్చిందంటే మీ శ్రీకాకుళం జిల్లా పేజీలో పింఛన్ల పంపిణీ ఫొటోలు తప్పకుండా ఉంటాయి. సచివాలయం ఉద్యోగి తెల్లారకముందే గుమ్మంలోకి వచ్చి ఒక అవ్వ చేతిలో నాలుగు వేలు పెడుతూ ఉంటాడు. ఆ పేపరు మహేంద్రతనయ దాటి మా పర్లాకిమిడికి కూడా వస్తుంది. ఇక్కడి ముసలివాళ్లు ఆ ఫొటో చూసి అడిగేది ఒకటే మాట: "వాళ్లకి నాలుగు వేలు, మాకు వెయ్యేనా?" అడగడంలో తప్పులేదు. అప్పాచెల్లెళ్లలో ఒకరిని పాతపట్నం ఇచ్చి, ఒకరిని పర్లాకిమిడి ఇచ్చిన ఇళ్లు మా వీధిలోనే ఎన్నో ఉన్నాయి. ఒకే తల్లి బిడ్డలు, ఒకే రకం కష్టం చేసినవాళ్లు. ఏటికి అటు నాలుగు వేలు, ఇటు వెయ్యి.

అయితే ఈ పోలికలో పడి మనం మూడో మనిషిని వదిలేస్తున్నాం. ఆంధ్రా ఇచ్చే నాలుగు వేలలో గాని, ఒడిశా ఇచ్చే వెయ్యిలో గాని, ఢిల్లీ జాబితాలో పేరున్న అరవై నుంచి డెబ్భై తొమ్మిదేళ్ల వాళ్లకి కేంద్ర ప్రభుత్వం వేసే వాటా ఎంతో తెలుసా? అటూ ఇటూ ఒక్కటే, రెండు వందల రూపాయలు. మిగతాదంతా రాష్ట్రాలు కలుపుకుంటున్నదే. ఢిల్లీ జాబితాలో పేరు లేక రాష్ట్రం జాబితాలో మాత్రమే ఉన్నవాళ్లకైతే ఆ రెండు వందలు కూడా లేవు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ రెండు వందల గురించే.

బ్లాక్ ఆఫీసుకి దగ్గర్లో మాకు జిరాక్సు కొట్టు ఉంది. ఫొటోకాపీలే కాదు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఆధార్ సవరణలు, పింఛను ఫారాలు కూడా నింపుతాను. ఫారం ఒడియాలో ఉంటుంది. వచ్చే ముసలివాళ్లలో చాలామందికి తెలుగో సవరో తప్ప మరొకటి చదవడం రాదు. అందుకని వాళ్ల పాస్‌బుక్కులు, రేషను కార్డులు, ఓటరు కార్డులు నా బల్ల మీదకి వస్తాయి. ఎవరి ఖాతాలో ఏ నెల డబ్బు పడింది, ఎవరిది ఆగింది అన్నది కొట్టులో కూర్చుంటే తెలిసిపోతుంది.

ఢిల్లీ ఇచ్చే ఈ పింఛను పథకం పుట్టింది 1995 ఆగస్టు 15న. అప్పుడు ప్రధాని మన పి.వి. నరసింహారావు గారు. ఏ దిక్కూ లేని వృద్ధులకి నెలకి 75 రూపాయలు కేంద్రమే ఇస్తుందని మొదలుపెట్టారు. తర్వాత అది రెండు వందలయింది. 2007 నవంబరు 19న ఇందిరాగాంధీ పేరు పెట్టి, దారిద్య్రరేఖకి దిగువన ఉన్న అరవై అయిదేళ్లు నిండిన వాళ్లందరికీ అన్నారు. 2011లో ఆ వయసు అరవైకి దించారు, ఎనభై దాటినవాళ్లకి అయిదు వందలు చేశారు. వితంతు పింఛను 2012లో మూడు వందలయింది. అరవై నుంచి డెబ్భై తొమ్మిది దాకా ఉన్నవాళ్ల రెండు వందలు మాత్రం 2007లో ఎంతో ఈరోజూ అంతే. మన్మోహన్ సింగ్ ప్రభుత్వం దిగిపోయేదాకా దాని జోలికి పోలేదు. మోదీ ప్రభుత్వం వచ్చి పదేళ్లు దాటినా పోలేదు. కాబట్టి నేను ఒక పార్టీ మీద కోపంతో రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు.

ధరలు పెరిగితే కొందరి జీతాలు వాటంతట అవే పెరిగే ఏర్పాటు ఢిల్లీలోనే ఉంది. 2018 ఆర్థిక చట్టంతో ఎంపీల జీతాన్ని ఆదాయపు పన్ను వాళ్లు వాడే ధరల సూచీకి కట్టారు. అయిదేళ్లకోసారి ఆ సూచీని బట్టి జీతం పెరుగుతుంది. 2025 మార్చి 24న వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఎంపీ జీతం నెలకి లక్ష నుంచి లక్షా 24 వేలయింది. మాజీ ఎంపీల పింఛను 25 వేల నుంచి 31 వేలయింది. అయిదేళ్లకి మించి సభలో ఉంటే, మించిన ప్రతి ఏడాదికీ నెలకి మరో 2,500 కలుస్తుంది. అదంతా 2023 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి ఇచ్చారు. ఎంపీలకి జీతం పెరగొద్దని నేననను. ఖర్చులు వాళ్లకీ ఉంటాయి. కానీ అదే సూచీ 2007-08లో 129, 2025-26లో 376. మా ముసలివాళ్ల రెండు వందలని ఆ సూచీకే కట్టి ఉంటే ఇవాళ 583 రూపాయలు కావాలి. ఎవరి దయా అక్కర్లేదు, ఎంపీలకి వర్తించిన లెక్కే వర్తింపజేస్తే చాలు. నెలనెలా ఒక్కొక్కరి దగ్గర 383 రూపాయలు ఎందుకు తగ్గుతున్నాయో ఢిల్లీలో ఒక్క మంత్రయినా నిలబడి చెప్పాలి.

ఆ డబ్బు ఎవరికి తగ్గుతోందో చెబుతాను. మా కొట్టుకి వచ్చే ఒకావిడకి డెబ్భై దాటాయి. వయసులో ఉన్నప్పుడు పలాసలో జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టేది. జీడిపిక్క తొక్కలో ఉండే నూనె చేతుల్ని కాల్చేస్తుంది. పిక్కలు కొట్టినవాళ్ల వేళ్లు చూస్తే తెలిసిపోతుంది. ఈవిడ బొటనవేలు, చూపుడువేలు చివర్లు నల్లబడి, గాజులా నున్నగా అయిపోయాయి. వేలి మీద ఒక్క గీత లేదు. బ్యాంకు పాయింటు దగ్గర మిషను మీద వేలు పెడితే ఎర్రలైటు వెలుగుతుంది. తడిగుడ్డతో తుడిచి పెట్టమంటారు, కొబ్బరినూనె రాసి పెట్టమంటారు, ఈ వేలు కాదు ఆ వేలు పెట్టమంటారు. పది వేళ్లూ అయిపోయాక "రేపు రా" అంటారు. ఆ నెల ఆవిడ డబ్బు మరుసటి నెలకి గాని చేతికి రాలేదు. మధ్యలో రక్తపోటు మాత్రలు ఆపేసింది. నాకు ఆ సంగతి ఆవిడ చెప్పలేదు, సంచిలోంచి పాస్‌బుక్కు తీస్తుంటే ఖాళీ అట్టలు పడ్డాయి.

ఒక మనిషి ఎదురుగా నిలబడి, ఆధార్ చేతిలో పట్టుకుని, ఊరందరికీ తెలిసిన మనిషయి ఉండి, తను తనే అని నిరూపించుకోలేకపోయింది. మరి ఢిల్లీ వాళ్లు రాసిన లెక్కల్లో ఇంత పట్టుదల ఉందా? 2023 ఆగస్టు 8న ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే కాగ్, పార్లమెంటు ముందుకు వచ్చిన నివేదికలో ఆయుష్మాన్ భారత్ గురించి ఏం రాసిందో చూడండి. 9999999999 అనే ఒక్క ఫోను నంబరు మీద దాదాపు 7.49 లక్షల మంది లబ్ధిదారులు నమోదై ఉన్నారు. ఒక్క నంబరు! మా కొట్టుకి వచ్చే ఆవిడ వేలు సరిపోలలేదని ఆపిన వ్యవస్థే, ఆ నంబరుని లక్షలసార్లు తీసుకుంది.

అదే రోజు పార్లమెంటుకి మరో కాగ్ నివేదిక వచ్చింది. అది ఈ పింఛన్ల మీదే. 2017 నుంచి 2021 దాకా లెక్కలు చూసి రాసినది. అది చదివినప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2017లో తన పథకాలన్నిటికీ హోర్డింగులు పెట్టి ప్రచారం చేయాలనుకుంది. ముందు రాజధాని నగరాల్లో హోర్డింగులకి 39.15 లక్షలు, తర్వాత 19 రాష్ట్రాల్లో జిల్లాకి అయిదేసి హోర్డింగులకి 2.44 కోట్లు మంజూరు చేశారు. మొత్తం 2.83 కోట్లు. ఆ డబ్బు పింఛన్ల పద్దులోంచి తీశారు. తీరా పని ఉత్తర్వు చూస్తే అందులో ఉన్నది ఇళ్ల పథకం, యువత నైపుణ్య శిక్షణ పథకం పేర్లే. ఏ పింఛను డబ్బుతో ఆ బోర్డులు పెట్టించారో ఆ పింఛను ఊసే లేదు. కాగ్ అడిగితే శాఖ ఇచ్చిన జవాబు, విషయాన్ని ప్రచార విభాగం దృష్టికి తీసుకువెళ్లామని.

2.83 కోట్లు ఢిల్లీకి పెద్ద మొత్తం కాదని అనేవాళ్లు ఉంటారు. రెండు వందలతో భాగించి చూడండి. లక్షా 41 వేల 500 నెలల పింఛను. అంటే దాదాపు 11,790 మంది ముసలివాళ్లకి ఒక ఏడాది పొడుగునా ఢిల్లీ వాటా. ఆ పేజీ ప్రింటు తీసి కొట్టులో గోడకి అంటించాను. చదవడం వచ్చినవాళ్లు చదువుతారు, రానివాళ్లకి నేను చెబుతాను. ఒక తాత విని, "మరి ఆ డబ్బు మళ్లీ పింఛన్లోకి వేశారా?" అని అడిగాడు. ఆడిటర్లు రాసిన దానికన్నా ఆయన అడిగిందే సూటిగా ఉంది. వేశారా? సంతకం పెట్టిన అధికారి ఎవరు? ఆయన మీద ఏ చర్య తీసుకున్నారు? కాగ్ నివేదిక పార్లమెంటు బల్ల మీద పెట్టడంతో పని అయిపోయినట్టేనా?

ఇక జాబితా సంగతి. ఇందిరాగాంధీ పింఛనుకి దరఖాస్తు పెట్టినవాళ్లకి తరచూ వచ్చే జవాబు "కోటా లేదు" అని. ఆ కోటా ఎక్కడిది? దేశం మొత్తం మీద వృద్ధులు, వితంతువులు, వికలాంగులు, ఇతరులు కలిపి 3.09 కోట్ల మందికి మించి కేంద్రం ఇవ్వదు. ఆ పరిమితికి ఆధారం 2001 జనాభా లెక్కలు, 2004-05 నాటి పేదరికం అంచనాలు. 2001లో నలభై ఏళ్లున్న కూలీకి ఇప్పుడు అరవై దాటాయి. ఆ లెక్కలో ఆ మనిషి వృద్ధుల్లోనే లేడు. పోనీ కొత్త జనాభా లెక్కలు తీశారా అంటే 2021లో తీయాల్సినవి తీయలేదు. కరోనా వల్ల ఒకటి రెండేళ్లు ఆలస్యమయితే అర్థం చేసుకుంటాం. ఇప్పుడు 2027 మార్చి 1ని లెక్కకి తేదీగా పెట్టారు. 2011 తర్వాత పదహారేళ్లకి. పేదరికం తెలుసుకోవడానికి 2017-18లో కుటుంబాల ఖర్చుల సర్వే ఒకటి చేశారు. దాన్నయినా బయట పెట్టారా అంటే, 2019 నవంబరులో డేటా నాణ్యత బాగాలేదని చెప్పి విడుదలే చేయలేదు. లెక్క తీయరు, తీసిన లెక్క చూపరు, పాత లెక్క పట్టుకుని "కోటా లేదు" అంటారు. ఒక ప్రభుత్వం పేదవాళ్లని ఇంతకన్నా తేలిగ్గా వదిలించుకునే మార్గం నాకు తెలియదు.

సమాచార హక్కు చట్టం ఉంది కదా, అడగొచ్చు కదా అంటారు. అడిగాను. ఢిల్లీ వాటా ఏ నెలది ఏ తేదీన వచ్చింది, దరఖాస్తు పెట్టి జాబితాకెక్కని వాళ్లెందరు, ఎందుకు అని ఒక కార్యాలయానికి పది రూపాయల ఫీజు కట్టి రాశాను. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలని చట్టంలో ఉంది. గడువు దాటాక వచ్చిన కాగితంలో, మీరడిగినది మా దగ్గర లేదు, ఫలానా వాళ్లని అడగండి అని ఉంది. ఆ ఫలానా వాళ్లు వెబ్‌సైటు చూసుకోమన్నారు. వెబ్‌సైటులో పింఛను వస్తున్నవాళ్ల పేర్లున్నాయి. నేనడిగింది రానివాళ్ల గురించి.

ఆ చట్టాన్ని కూడా ఇప్పుడు సన్నగా కోసేస్తున్నారు. 2005లో వచ్చినప్పుడు సమాచార కమిషనర్లకి అయిదేళ్ల పదవీకాలం చట్టంలోనే రాసి ఉండేది. 2019లో సవరించి పదవీకాలం, జీతం కేంద్రం చేతిలోకి తీసుకున్నారు, అయిదేళ్లు మూడేళ్లయ్యాయి. 2025 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా కేంద్ర సమాచార కమిషన్‌కి ప్రధాన కమిషనరే లేరు. అసలు దెబ్బ 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంతో వచ్చింది. సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) అనే సెక్షన్ ఉంది. వ్యక్తిగత సమాచారాన్ని ప్రజాపనితో సంబంధం లేకపోతేనో, అనవసరంగా ఒకరి గోప్యతలోకి చొరబడినట్టయితేనో ఆపొచ్చని, ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని, పార్లమెంటుకి కాదనలేనిదాన్ని మామూలు మనిషికీ కాదనకూడదని అందులో ఉండేది. కొత్త చట్టం ఆ మాటలన్నీ తీసేసి, వ్యక్తిగత సమాచారమయితే చాలు ఇవ్వక్కర్లేదు అని మార్చింది. 2025 నవంబరు 14 నుంచి అది అమల్లోకి వచ్చింది. ప్రజాప్రయోజనం కోసం ఇవ్వొచ్చనే 8(2) సెక్షన్ ఇంకా ఉందని ప్రభుత్వం అంటోంది. ఉంది, నిజమే. కానీ దాన్ని పట్టుకుని అప్పీళ్లు వేస్తూ ఢిల్లీ కమిషన్ దాకా వెళ్లాల్సింది జీడిపిక్కలు కొట్టిన చేతులే కదా.

ఇది పింఛన్లకి ఎలా తగులుతుందో కొట్టులో కూర్చున్న నాకు బాగా తెలుసు. ఏ పథకంలో ఎవరికి ఎంత ఇచ్చారో అడగకుండానే బయట పెట్టాలని అదే చట్టం నాలుగో సెక్షన్లో ఉంది. పంచాయతీ వారీగా పేర్లు కనిపించబట్టే, చనిపోయినవాళ్ల పేరు మీద డబ్బు పోతోందని, ఊళ్లో లేని మనిషికి పింఛను వస్తోందని జనం పట్టుకోగలిగారు. హోర్డింగుల మీద సంతకం పెట్టిన అధికారి పేరు కావాలని రేపు నేనడిగితే, అది వ్యక్తిగత సమాచారం అనొచ్చు. ముసలిదాని వేలిముద్ర, కంటిపాప, ఆధార్, ఫోను నంబరు అన్నీ ప్రభుత్వం దగ్గరున్నాయి. ఆవిడ డబ్బు వాడుకున్న మనిషి పేరు ఆవిడకి తెలియకూడదట.

ఉచితంగా బియ్యం ఇస్తున్నాం కదా అన్నది ఢిల్లీ నుంచి తరచూ వినిపించే మాట. నెలకి అయిదు కిలోలు ఇస్తున్నారు, అది ఎంతోమంది కడుపు నింపుతోంది. కానీ ఆహారం 2013 చట్టం ఇచ్చిన హక్కు. బియ్యంతో మాత్రలు రావు, కరెంటు బిల్లు కట్టలేం, మనవరాలికి గాజులు కొనలేం. రాష్ట్రాలు కలుపుకోవచ్చు కదా అన్నది మరో మాట. రాష్ట్రాలు కలుపుకుంటూనే ఉన్నాయి. ఒడిశా అయిదు వందలని 2024లో వెయ్యి చేసింది, ఎనభై దాటినవాళ్లకి ఇప్పుడు 3,500 ఇస్తోంది. ఆంధ్రా సంగతి మీ ఫొటోల్లోనే ఉంది. రెండు రాష్ట్రాలూ తమ చేతనయింది చేశాయి. కేంద్ర బడ్జెట్‌లో ఈ పింఛన్ల పద్దుకి 2024-25లో 9,652 కోట్లు, 2025-26లోనూ అదే 9,652 కోట్లు. ఒక్క కోటి కూడా కదల్లేదు.

ఈ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదనడానికి లేదు. 2017 డిసెంబరులో జీన్ డ్రేజ్‌తో సహా అరవై మంది ఆర్థికవేత్తలు అప్పటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీకి ఉత్తరం రాశారు. కనీసం అయిదు వందలు చేయమని. మరుసటి ఏడాదీ రాశారు, 2022లో నిర్మలా సీతారామన్ గారికీ రాశారు. గ్రామీణాభివృద్ధిపై పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ మొత్తం చాలదు, పెంచండి అని ఏళ్ల తరబడి నివేదికల్లో చెబుతూనే ఉంది.

ఆ సంఘానికి ఇప్పుడు అధ్యక్షుడు మా పక్క నియోజకవర్గం కోరాపుట్ ఎంపీ సప్తగిరి ఉలాకా గారు. గుణుపురం, రాయగడల్లో తెలుగు మాట్లాడే ముసలివాళ్లు ఆయనకి కొత్త కాదు. హోర్డింగుల డబ్బు పింఛను పద్దుకి తిరిగి జమయిందా లేదా, సంతకం ఎవరిది అని శాఖ అధికారుల్ని సంఘం ముందుకి పిలిచి అడిగే అధికారం ఆయనకుంది. పర్లాకిమిడి ఉన్న బరంపురం నియోజకవర్గం ఎంపీ ఢిల్లీలో అధికార పక్షం మనిషి. రెండు వందలని ఎంపీ జీతాల సూచీకే కట్టాలని, 2001 లెక్క మీద పెట్టిన కోటా తీసేయాలని తన పార్టీ ప్రభుత్వాన్ని ఆయన సభలో అడగొచ్చు. ఏటికి అవతల, పాతపట్నం ఉన్న శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు కేంద్ర మంత్రివర్గంలోనే ఉన్నారు. సభలో ప్రశ్న వేయడం ఆయనకి కుదరకపోవచ్చు, మంత్రివర్గంలో మాట్లాడటం కుదురుతుంది. ముగ్గురికీ ఈ ప్రశ్నలు రాసి రిజిస్టర్డు పోస్టులో పంపాను. రసీదులు కొట్టులో ఉన్నాయి.

మీ విలేకర్లు ఈ ముగ్గురినీ తరచూ కలుస్తుంటారు. ఈసారి కలిసినప్పుడు హోర్డింగుల డబ్బు గురించి, 583 రూపాయల గురించి అడిగి, వాళ్లు చెప్పిన జవాబు చెప్పినట్టు మీ పింఛన్ల ఫొటో పక్కనే వేయమని నా మనవి. జవాబివ్వకపోతే ఇవ్వలేదనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా